అమ్మమ్మ మసకగా వచ్చిన ఫోటో: నాకు అపర్చర్ అర్థమైన తీరు

కిందటేడాది మా వాళ్ళందరూ ఒకచోట కలిసినప్పుడు నేను తీసిన గ్రూప్ ఫోటో ఒకటుంది. తొమ్మిది మంది ఉన్నారు అందులో. ముందు కింద కూర్చున్న ముగ్గురు పిల్లలు, వాళ్ళ వెనక కుర్చీల్లో అమ్మమ్మ, అమ్మ, నాన్న, వాళ్ళ వెనక నిలబడి తమ్ముడు, మరదలు, మా ఆయన. అందరినీ ఒక దగ్గరికి చేర్చి, పిల్లల్ని కదలకుండా కూర్చోబెట్టేసరికే చాలాసేపు పట్టింది. నాలుగైదు క్లిక్కులు కొట్టి, కెమెరా వెనక స్క్రీన్ మీద చూసుకున్నాను, బ్రహ్మాండంగా కనిపించింది, అయిపోయింది లేవండి అన్నాను. ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు.

పెద్ద సైజులో ప్రింట్ వేయించి తెచ్చాక తెలిసింది. మా బాబు ముఖం మీద చిన్న గీత కూడా కనిపిస్తోంది, వాడి చొక్కా గుండీకున్న దారాలు లెక్కపెట్టొచ్చు. వాడి వెనకే కూర్చున్న అమ్మమ్మ ముఖం మాత్రం మంచులోంచి చూసినట్టుంది. నిలబడ్డ వాళ్ళ సంగతి ఇంకా ఘోరం. అమ్మమ్మ ఆ ఫోటో చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు దగ్గర లేక కళ్ళు చికిలించి చాలాసేపు చూసి, "నా కళ్ళే మసకబారాయా, ఫోటోనే అలా ఉందా అమ్మలూ?" అని అడిగింది. ఫోటోనే అలా ఉంది అమ్మమ్మా అని చెప్పాను. అంతకు మించి ఏం చెప్పాలో ఆ రోజు నాకు తెలియదు, ఎందుకంటే ఎందుకలా వచ్చిందో నాకే తెలియదు. కెమెరా కదల్లేదు. ఎండ వెలుతురు బోలెడంత ఉంది. లెన్స్ మంచిది. మరి తప్పెక్కడ?

తప్పు అపర్చర్‌లో, అంటే లెన్స్ లోపల వెలుతురు వచ్చే రంధ్రం సైజులో ఉంది. అది అర్థమవడానికి నాకు దాదాపు మూడు నెలలు పట్టింది. ఇంట్లో పిల్లల్ని, పెద్దవాళ్ళని ఫోటోలు తీసుకోవాలని కెమెరా కొని, ఆటో మోడ్ దాటి ఒక్క అడుగు ముందుకు వేయాలనుకుంటున్న వాళ్ళకి ఈ మూడు నెలలు మూడు రోజులైతే చాలని రాస్తున్నాను.

ముందు నేను అక్కడిదాకా ఎలా వచ్చానో చెప్పాలి. పాప పుట్టినప్పుడు కెమెరా కొన్నాం, దాంతో వచ్చిన 18-55 ఎం.ఎం. కిట్ లెన్స్‌తో ఏడాది పాటు ఆటోలోనే తీశాను. బయట బాగా వచ్చేవి, ఇంట్లో తీసినవన్నీ ఫోన్ ఫోటోల కంటే పెద్ద గొప్పగా ఉండేవి కావు. ఆ తర్వాత 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 లెన్స్ కొన్నాను. మొదటి రోజే కిటికీ పక్కన ఆడుకుంటున్న పాపని తీస్తే, ఆ ఫోటో చూసి నేను కాసేపు అలాగే ఉండిపోయాను. కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ విడివిడిగా, వెనకాల గదంతా మెత్తగా కరిగిపోయి, అందులో పాప ఒక్కతే. ఇదే కదా నాకు కావలసింది అనుకున్నాను. ఆ ఎఫ్ 1.8 అనే అపర్చర్ అంకెని అలాగే వదిలేశాను. నెలల తరబడి మార్చలేదు.

ఇప్పుడు ఆ నెలల ఫోటోలు తీసి చూస్తే, బాగా వచ్చిన ప్రతి ఒక్కదాని వెనక పది పాడైనవి ఉన్నాయి. పాప ముక్కు స్పష్టంగా ఉంటుంది, కళ్ళు ఉండవు. చెవి స్పష్టంగా ఉంటుంది, ముఖం ఉండదు. ఇద్దరు పిల్లల్ని కలిపి తీస్తే ఎప్పుడూ ఒకళ్ళే బాగుంటారు. నా చెయ్యి వణుకుతోందనుకున్నాను, కొన్నిసార్లు లెన్స్‌లో లోపమేమో అని టెన్షన్ పడ్డాను కూడా. గ్రూప్ ఫోటోతో నేనిక ఊరుకోలేకపోయాను, కూర్చుని నేర్చుకోవడం మొదలుపెట్టాను.

అపర్చర్ అంటే లెన్స్ లోపల వెలుతురు వచ్చే రంధ్రం, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది, రంధ్రం చిన్నదైతే ఎక్కువ భాగం ఫోకస్‌లో ఉంటుంది. ఎక్కడ చదివినా ఈ మూడు ముక్కలే. చదివినప్పుడు సరేననిపించేది, కెమెరా చేతిలోకి తీసుకోగానే తారుమారయ్యేది. అంకె పెంచితే పెరిగేది ఏది, తగ్గేది ఏది? బట్టీ పట్టి గుర్తుపెట్టుకునే విషయం కాదని తేలిపోయింది. ఎందుకు అలా అవుతుందో తెలియాలి.

ఒకరోజు అమ్మమ్మ ఏదో కాగితం మీద చిన్న అక్షరాలు చదవడానికి మళ్ళీ కళ్ళు చికిలించింది. కళ్ళజోడు లేకపోతే ఎవరైనా చేసే పనే. కానీ చికిలిస్తే ఎందుకు కనిపిస్తుంది? కన్ను కాస్త మూసేస్తే వెలుతురు తగ్గాలి, ఇంకా తక్కువ కనిపించాలి కదా. నాకూ దూరపు చూపు సరిగ్గా ఉండదు, కళ్ళజోడు తీసి ఎదురు గోడ మీది క్యాలెండర్ వైపు చూశాను, అంకెలన్నీ అలుక్కుపోయి ఉన్నాయి. ఒక అట్టముక్కకి గుండుసూదితో రంధ్రం చేసి కంటికి దగ్గరగా పెట్టుకుని అందులోంచి చూశాను. అంకెలు కనిపించాయి. చీకటిగా, కానీ స్పష్టంగా. కంటికి సైటున్న వాళ్ళు ఎవరైనా సరే ఇది ఇప్పుడే చేసి చూడండి, అరనిమిషం పని. నా మూడు నెలల చదువులో అసలైన భాగం ఈ అరనిమిషమే.

జరిగేది ఇది. ఎదురుగా ఉన్న వస్తువు మీద ఒక చుక్కని తీసుకోండి. దాని నుంచి వెలుతురు లెన్స్ మొత్తం మీద పడి, లోపలికి వెళ్ళాక గరాటులా సన్నబడుతూ ఒక మొన దగ్గర కలుస్తుంది. ఆ మొన సరిగ్గా సెన్సర్ (కెమెరా లోపల బొమ్మ పడే చిప్) మీదే పడితే చుక్క చుక్కలా వస్తుంది, అదే ఫోకస్. వస్తువు కాస్త ముందో వెనకో ఉంటే మొన సెన్సర్ మీద పడదు, సెన్సర్ ఆ గరాటుని మధ్యలో ఎక్కడో కోస్తుంది, అప్పుడు చుక్కకి బదులు బిళ్ళ పడుతుంది. ఆ బిళ్ళల గుంపునే మనం బ్లర్ అంటున్నాం. గరాటు మూతి పెద్దదైతే బిళ్ళ పెద్దది, మూతి చిన్నదైతే బిళ్ళ చిన్నది. మరీ చిన్న బిళ్ళ అయితే మన కంటికి చుక్కలాగే కనిపిస్తుంది. అంతే. అపర్చర్ ఆ గరాటు మూతి. చికిలించిన కన్ను చేసేదీ, అట్టముక్కలో రంధ్రం చేసిందీ, లెన్స్‌లో ఎఫ్ 8 చేసేదీ ఒకటే పని.

ఇక ఆ అంకెల తికమక. ఎఫ్ నంబర్ అంటే లెన్స్ ఫోకల్ లెంగ్త్‌లో (లెన్స్ మీద 50 ఎం.ఎం. అని రాసి ఉండే కొలత) ఎన్నో వంతు రంధ్రం తెరుచుకుందో చెప్పే అంకె. 50 ఎం.ఎం. లెన్స్‌ని ఎఫ్ 2లో పెడితే రంధ్రం 25 మిల్లీమీటర్లు, ఎఫ్ 4లో పెడితే పన్నెండున్నర, ఎఫ్ 8లో ఆరుకి కొంచెం ఎక్కువ, ఎఫ్ 16లో మూడు. మన లెక్కలో చెప్పాలంటే ఎఫ్ 2 అర, ఎఫ్ 4 పావు, ఎఫ్ 8 అరపావు, ఎఫ్ 16 వీసం. పావు అర కంటే పెద్దదని ఎవరం అనుకోం కదా, నాలుగు రెండు కంటే పెద్దదే అయినా. ఇలా అనుకున్న రోజు నుంచి నేను ఒక్కసారి కూడా తడబడలేదు. ఎఫ్ 5.6 అని చూడగానే ఐదో వంతో ఆరో వంతో, చిన్న రంధ్రం అనే తోస్తుంది.

వంతు సగమైతే వెలుతురు సగం కాదు, పావు అవుతుంది, ఎందుకంటే రంధ్రం అడ్డుకొలతా నిలువుకొలతా రెండూ సగమవుతాయి. అందుకే వెలుతురు సరిగ్గా సగం చేసే మెట్లు 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అని విచిత్రంగా ఉంటాయి. ఒక్కో మెట్టుని స్టాప్ అంటారు. చాలా కెమెరాల్లో చక్రాన్ని మూడు క్లిక్కులు తిప్పితే ఒక స్టాప్. ఈ వరసని నేను కంఠతా పట్టాను, పట్టి మంచి పని చేశాను, ఎందుకో కింద చెబుతాను.

ఆ తర్వాత ఒక సెలవు రోజు పొద్దున్నంతా బల్ల మీద ఒక పరీక్ష పెట్టుకున్నాను. మా బాబు బొమ్మ కార్లు పది తీసుకుని, మూడేసి సెంటీమీటర్ల ఎడంతో ఏటవాలుగా వరసపెట్టాను, ఒకటి వెనక ఒకటి, అన్నీ కెమెరాకి కనిపించేలా. కెమెరాని స్టూలు మీద పుస్తకాల దొంతరపై పెట్టి, మధ్య కారు సరిగ్గా ఒక మీటరు దూరంలో ఉండేలా టేపుతో కొలిచి, దాని నంబరు ప్లేటు మీద ఫోకస్ పెట్టి, మోడ్ చక్రాన్ని అపర్చర్ ప్రయారిటీకి తిప్పాను. నికాన్, సోనీ కెమెరాల్లో దాన్ని ఏ అనీ, కానన్‌లో ఏవీ అనీ రాస్తారు. ఇందులో అపర్చర్ మనం చెబుతాం, దానికి తగ్గ షట్టర్ స్పీడ్ (వెలుతురుని ఎంతసేపు లోపలికి రానివ్వాలో) కెమెరా చూసుకుంటుంది. నేర్చుకునే వాళ్ళకి దీనికంటే మంచి మోడ్ లేదని నా నమ్మకం, మాన్యువల్‌తో మొదలుపెట్టమని సలహా ఇచ్చే వాళ్ళతో నేను ఏకీభవించను. ఒకేసారి అపర్చర్, షట్టర్ స్పీడ్, ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురుకి ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) అని మూడు అంకెలు తిప్పుతుంటే ఏ అంకె ఏం చేసిందో తెలియదు.

ఎఫ్ 1.8లో ఒక్క కారే స్పష్టంగా వచ్చింది. దాని వెనకదీ ముందుదీ అప్పుడే మెత్తబడ్డాయి. ఎఫ్ 4లో ఫోకస్ పెట్టిన కారుతో పాటు అటొకటి ఇటొకటి స్పష్టంగా వచ్చాయి. ఎఫ్ 8లో ఐదింటి అంచులు తేరుకున్నాయి. తర్వాత లెక్క వేసుకుంటే కూడా అదే వచ్చింది. నాది ఫుల్ ఫ్రేమ్ (పాత ఫిల్మ్ ఫ్రేమంత సెన్సర్) కంటే చిన్న సెన్సర్ ఉన్న ఏపీఎస్-సీ కెమెరా, దాని మీద 50 ఎం.ఎం. లెన్స్‌తో ఒక మీటరు దూరంలో ఎఫ్ 1.8కి స్పష్టంగా వచ్చే మందం సుమారు మూడు సెంటీమీటర్లు. మూడే. పసిపిల్ల ముక్కు కొన నుంచి కంటి దాకా ఉన్న దూరమే దాదాపు అంత ఉంటుంది. నా పాత ఫోటోల్లో ముక్కు ఉండి కళ్ళు లేకపోవడం లెన్స్ లోపం కాదన్నమాట.

ఇక్కడితో ఆపేద్దామనుకుని ఊరికే స్టూలుని వెనక్కి జరిపాను, రెండు మీటర్లకి. అపర్చర్ 1.8కే ఉంది. ఈసారి నాలుగు కార్లు స్పష్టంగా వచ్చాయి! అంకె ముట్టుకోకుండానే. దూరం రెట్టింపైతే స్పష్టత మందం సుమారు నాలుగింతలు అవుతుందని తర్వాత తెలిసింది, కానీ తెలుసుకోవడం వేరు, కార్లలో చూడటం వేరు. ఇల్లు చిన్నదనో, పిల్లలు దగ్గరగా కావాలనో ముఖంలో ముఖం పెట్టి తీస్తూ, పైగా అపర్చర్ పూర్తిగా తెరిచి పెట్టుకుంటే, పలచని దాన్ని ఇంకా పలచన చేసుకోవడమే.

పరీక్షలో ఒక చిక్కు కూడా వచ్చింది. వ్యూఫైండర్‌లోంచి చూస్తూ అపర్చర్ ఎంత మార్చినా బ్లర్ ఏమీ మారినట్టు కనిపించలేదు. అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్‌లో లెన్స్ రంధ్రం ఫోటో తీసే క్షణం దాకా పూర్తిగా తెరిచే ఉంటుంది, మనకి వెలుతురుగా కనిపించడం కోసం. క్లిక్ చేసినప్పుడే రేకులు మూసుకుని మనం చెప్పిన అంకెకి వస్తాయి. చాలా డీఎస్ఎల్ఆర్‌లలో లెన్స్ పక్కన డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ అని చిన్న బటన్ ఉంటుంది, అది నొక్కితే ముందే మూసుకుంటాయి. ఎఫ్ 11 పెట్టి, ఆ బటన్ నొక్కుతూ లెన్స్‌ని ముందు నుంచి చూడండి. నల్లటి సన్నని రేకులు ఒకదాని మీదికి ఒకటి జారుతూ మధ్యలో చిన్న కిటికీ మిగులుతుంది, వదలగానే మళ్ళీ విచ్చుకుంటుంది. మా పాప దాన్ని పది సార్లు చేయించుకుంది. అపర్చర్ గురించి ఎన్ని బొమ్మలు చూసినా ఆ రేకులు కదలడం చూడటానికి సాటి రాదు.

అప్పుడు మళ్ళీ గ్రూప్ ఫోటో తెరిచాను. ఫోటో వివరాల్లో అన్నీ నమోదై ఉంటాయి కదా. ఎఫ్ 1.8, షట్టర్ 1/1250 సెకను, ఐఎస్ఓ 100. నిలబడ్డ చోటు గుర్తుంది, పిల్లలకి నాలుగు మీటర్ల దూరం. ఆ దూరంలో ఎఫ్ 1.8కి స్పష్టంగా వచ్చే మందం మొత్తం 45 సెంటీమీటర్ల చిల్లర, అందులో ఫోకస్ పడ్డ చోటుకి వెనక భాగం జానెడు పైన ఎంతో ఉండదు. ఫోకస్ పాయింట్ ఎక్కడ పెట్టాలో నేను చెప్పలేదు, కెమెరాకే వదిలేశాను, అది తనకి అందరికంటే దగ్గరగా ఉన్న మా బాబుని పట్టుకుంది. అమ్మమ్మ వాడికి అరమీటరు పైనే వెనక ఉంది. అంతే సంగతి.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఇంకోటి. అదే చోట, అదే వెలుతురులో ఎఫ్ 5.6 పెట్టి ఉంటే ఏమయ్యేది? 1.8 నుంచి 5.6కి వెలుతురు పదో వంతు దాకా పడిపోతుంది, షట్టర్ 1/1250 నుంచి 1/125కి వచ్చేది. కదలకుండా కూర్చున్న మనుషులకి 1/125 సరిపోతుంది. ఐఎస్ఓ 100 దాటక్కర్లేదు, నాయిస్, అంటే గింజలు గింజలుగా కనిపించడం, రాదు. స్పష్టత మందం మాత్రం మీటరున్నరకి పెరిగేది, ఫోకస్ అమ్మమ్మ మీద పెట్టి ఉంటే ముందు పిల్లలూ వెనక నిలబడ్డవాళ్ళూ అందరూ అందులోకి వచ్చేవాళ్ళు. అంత వెలుతురు ఉన్నా నేను వాడుకోలేదు. వరసని కంఠతా పట్టమన్నది ఇందుకే, ఎక్కడ నిలబడ్డా ఈ లెక్క పది సెకన్లలో మనసులో అయిపోతుంది, ఇక్కడ రెండు మెట్లు మూస్తే షట్టర్ ఎంతకి పడుతుంది, అది నాకు చాలుతుందా చాలదా అని.

అప్పటి నుంచి నేను ఫోటో తీసేటప్పుడు ఒక ఊహ వాడుతున్నాను. కెమెరాకి ఎదురుగా, దానికి సమాంతరంగా ఒక పెద్ద గాజుపలక నిలబెట్టి ఉందనుకుంటాను. అపర్చర్ ఆ పలక మందం. ఎవరెవరి ముఖాలు ఆ మందంలో ఇమిడాయో వాళ్ళు స్పష్టంగా వస్తారు. అందుకే ఇద్దరు పిల్లలు ఒకరి పక్కన ఒకరు, బుగ్గకి బుగ్గ ఆనించి కూర్చుంటే ఎఫ్ 2.8 కూడా చాలు, ఇద్దరూ ఒకే పలకలో ఉన్నారు కాబట్టి. అదే ఇద్దరూ ఒకరి వెనక ఒకరు కూర్చుంటే ఎఫ్ 5.6 కావాలి. అపర్చర్ మూయడానికి వెలుతురు లేనప్పుడు మనుషుల్నే కాస్త జరపొచ్చు, లేదా నేనే పక్కకి రెండడుగులు వేసి వాళ్ళ ముఖాలు ఒకే పలకలోకి వచ్చే కోణం వెతుక్కోవచ్చు. ఈ రెండడుగులు ఎన్ని ఫోటోలని కాపాడాయో.

ఒక్కరినే తీసేటప్పుడు కూడా ఇప్పుడు నేను 1.8 దాకా పెద్దగా వెళ్ళను. ఎఫ్ 2.2, 2.8 దగ్గర బ్యాక్‌గ్రౌండ్ ఇంకా మెత్తగానే ఉంటుంది, రెండు కళ్ళూ స్పష్టంగా వస్తాయి, పైగా చాలా లెన్స్‌లు పూర్తిగా తెరిచినప్పటి కంటే ఒకటి రెండు మెట్లు మూసినప్పుడే పదునుగా ఉంటాయి. బ్యాక్‌గ్రౌండ్ కరగాలంటే అపర్చరే దిక్కు కాదు కూడా. పాపని గోడ దగ్గర నుంచి రెండు మీటర్లు ముందుకి జరిపితే ఎఫ్ 4లో కూడా గోడ మెత్తబడుతుంది.

అన్నీ తెలిసిపోయాయనుకున్నాక రెండో తప్పు చేశాను, మొదటి దానికి సరిగ్గా వ్యతిరేకం. అమ్మమ్మ ఫోటో భయం మనసులో ఉండిపోయి, ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు ఎందుకైనా మంచిదని ఎఫ్ 16 పెట్టేశాను. కెమెరా షట్టర్‌ని 1/8కి దించేసింది. కుర్చీలు, గోడలు అన్నీ స్పష్టంగా వచ్చాయి, కదిలిన మనుషులు మాత్రం రాలేదు. ఎఫ్ 16, 22 దాకా మూస్తే ఇంకో నష్టం కూడా ఉంది, అంత చిన్న రంధ్రంలోంచి వెళ్ళేటప్పుడు వెలుతురు అంచుల దగ్గర వంగి చెదురుతుంది, దాన్ని డిఫ్రాక్షన్ అంటారు, ఫోటో మొత్తం మీద పదును కాస్త తగ్గుతుంది. సెన్సర్ మీది దుమ్ము కూడా ఆకాశంలో నల్ల చుక్కలై బయటపడేది ఇలా మూసినప్పుడే. 1932లో అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్, ఇమోజెన్ కన్నింగ్‌హామ్ లాంటి ఫోటోగ్రాఫర్లు కలిసి తమ బృందానికి ఎఫ్ 64 అనే పేరు పెట్టుకున్నారు, ముందు నుంచి వెనకదాకా అంతా స్పష్టంగా ఉండటమే వాళ్ళకి ఇష్టం. వాళ్ళవి పెద్ద పెద్ద ఫిల్మ్ షీట్లు వాడే కెమెరాలు, స్టాండు మీద పెట్టి సెకన్ల తరబడి తీయొచ్చు. రెండేళ్ళ పిల్ల సెకను కాదు కదా, అందులో పదో వంతు కూడా కదలకుండా ఉండదు.

కాబట్టి ఫోటో మసకగా వచ్చిందంటే ముందు ఏ రకం మసకో చూడటం అలవాటు చేసుకున్నాను. ఫోటోలో ఇంకెక్కడో, వెనక కుర్చీయో ముందు చెయ్యో స్పష్టంగా ఉంటే అది ఫోకస్ తప్పు, అపర్చర్ తగినంత మూయకపోవడం. మొత్తం ఫోటో ఒకే వైపుకి సాగినట్టుంటే చెయ్యి కదిలింది. గది అంతా బాగుండి పాప చేతులు మాత్రం అలుక్కుపోతే షట్టర్ స్పీడ్ చాల్లేదు. మూడింటికీ మందు వేరు, నేను నెలల పాటు మూడింటినీ ఒకటే రోగం అనుకున్నాను.

ఇంట్లో రాత్రిపూట మాత్రం రాజీ తప్పదు. ట్యూబ్‌లైటు వెలుతురులో పరిగెత్తే పిల్లలకి షట్టర్ కనీసం 1/250 కావాలి, ఇంకా బాగా దూకుతుంటే 1/500. కిట్ లెన్స్‌ని 55 ఎం.ఎం.కి జూమ్ చేస్తే అది ఎఫ్ 5.6 కంటే తెరుచుకోదు, లెన్స్ మీద 3.5-5.6 అని రాసి ఉండేది అందుకే, 18 దగ్గర 3.5, జూమ్ చేసేకొద్దీ రంధ్రం తగ్గుతూ 55 దగ్గర 5.6. ఇలాంటప్పుడు 1.8 లెన్స్ నిజంగా ఆదుకుంటుంది. నేను ఆటో ఐఎస్ఓ పెట్టి, షట్టర్ 1/250 కంటే కిందికి దిగకుండా మెనూలో గిరి గీసేశాను, అపర్చర్ ఒక్కటీ నా చేతిలో ఉంచుకున్నాను. ఐఎస్ఓ 3200కో 6400కో ఎక్కి కాస్త గింజలు గింజలుగా వస్తే రానివ్వండి. గింజలున్న నవ్వు దాచుకుంటాం, అలుక్కుపోయిన నవ్వుని ఏం చేసుకుంటాం? అలాగే ఫోకస్ పాయింట్ ఎంచుకునే పని కెమెరాకి వదలడం మానేశాను, ఒకే పాయింట్ పెట్టుకుని మనకి దగ్గరగా ఉన్న కంటి మీద ఉంచుతాను. మీ కెమెరాలో కంటిని పట్టుకునే ఐ ఆటోఫోకస్ ఉంటే అదే వాడండి, నా దాంట్లో లేదు.

కొన్ని నెలలకి మా వాళ్ళు మళ్ళీ కలిశారు. ఈసారి తమ్ముడు, మరదలు రాలేకపోయారు, ఏడుగురే. నేను ముందు రోజే చోటు చూసి పెట్టుకున్నాను, నీడగా, వెలుతురు మెత్తగా ఉన్న చోటు. పిల్లల్ని కుర్చీల కాళ్ళకి ఆనుకుని కూర్చోమన్నాను, వెనక నిలబడ్డ మా ఆయన్ని కుర్చీల మీదికి కాస్త వంగమన్నాను, మూడు వరసలూ ఒకదానికొకటి దగ్గరయ్యాయి. ఎఫ్ 5.6. షట్టర్ 1/160 చూపించింది. ఫోకస్ పాయింట్‌ని మధ్య వరసకి తెచ్చి అమ్మమ్మ కంటి మీద పెట్టాను. "ఇంకా ఎంతసేపే?" అంది అమ్మమ్మ. ఆరు ఫోటోలు వరసగా తీశాను, ఎవరో ఒకరు కళ్ళు మూస్తారు కాబట్టి.

ఎవరినీ లేవనివ్వలేదు. కెమెరా వెనక స్క్రీన్ మీద ఫోటో తెచ్చి, పూర్తిగా జూమ్ చేసి, ముందు పాప ముఖం, తర్వాత వెనక మా ఆయన ముఖం, ఆఖరికి అమ్మమ్మ దగ్గరికి జరిపాను. కళ్ళజోడు పెట్టుకునే ఉంది. ఫ్రేము పక్కనున్న చిన్న మర, దాని పైన గీత కూడా కనిపిస్తోంది, అద్దం వెనక నా వైపే చూస్తున్న కళ్ళు కనిపిస్తున్నాయి.

అప్పుడు చెప్పాను, ఇక లేవొచ్చని.